మహారాజశ్రీ వై ఈక్వల్స్ ఎమ్ఎక్స్ ప్లస్ బి గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. సరళరేఖ సమీకరణం అంటే మీరే కాబట్టి, మీ కుశలం వేరే అడగక్కర్లేదు లెండి. శాట్ (అమెరికా కాలేజీ ప్రవేశ పరీక్ష) లెక్కల్లో ఉండేవి 44 ప్రశ్నలు, అందులో సుమారు మూడో వంతు ఆల్జీబ్రాకే రాసిచ్చారు, ఆ ఆల్జీబ్రాలో ఏ మూల తవ్వినా మీరే తేలుతున్నారు. అమెరికాలో ఇంత పలుకుబడి సెనేటర్లకి కూడా లేదు. ఫ్రిస్కోలో మా ఇంట్లో మాత్రం కుశలం అంతంతమాత్రం. మా వాడు ఈ ఏడు పదకొండో తరగతి, ఎక్కడ మీరు కనపడతారోనని వాడికి టెన్షన్.

ముందుగా ఒక సందేహం. పరీక్షలో పిల్లలకి ఒక ఫార్ములాల పట్టీ ఇస్తారు కదా. వృత్తానికి 360 డిగ్రీలని అందులో ఉంది. త్రిభుజం కోణాల మొత్తం 180 అని ఉంది. ఎప్పుడో ఒకసారి పనికొచ్చే శంకువు ఘనపరిమాణం కూడా ఉంది. మీరు లేరు! ఊరంతా పెత్తనం మీది, ఓటర్ల లిస్టులో మాత్రం పేరుండదు. ఇదేం మర్యాదండీ?

అసలు మీ పేరేమిటో ముందు తేల్చండి. మా ఆయన తెలుగు మీడియం, ఇంటర్లో మిమ్మల్ని వాలు-అంతరఖండ రూపం (స్లోప్-ఇంటర్‌సెప్ట్) అని చదువుకున్నాడు, అప్పట్లో మీ చివర ఉన్నది బి కాదు, సి. మొన్న మావాడికి సాయం చేద్దామని కూర్చుని "సి ఎంతొచ్చిందిరా?" అంటే, వాడు పేజీ అంతా వెతికి "సి ఎక్కడుంది నాన్నా?" అన్నాడు, ఇద్దరూ పావుగంట పోట్లాడుకున్నారు. స్వీడన్‌లో అయితే మీరు కెఎక్స్ ప్లస్ ఎమ్. అంటే ఇక్కడ వాలుగా తిరిగే ఎమ్, అక్కడ అంతరఖండం! దేశానికో పేరుతో తిరిగేవాళ్ల కోసం మామూలుగా అయితే పోలీసులు వెతుకుతారు.

సరే, నా పేచీ పేరు గురించి కాదు. లోపల చూస్తే మీరు చాలా సాదా మనిషి. ఎక్స్ సున్నా అయినప్పుడు లెక్క ఎక్కడ మొదలవుతుందో బి చెబుతుంది, ఎక్స్ ఒకటి పెరిగినప్పుడల్లా ఎంత చేరుతుందో, లేదా తరుగుతుందో, ఎమ్ చెబుతుంది. అంతే కదా మీ బతుకు! మరి ఈ వేషాలెందుకు?

ప్రాక్టీసులో వచ్చిన ప్లంబర్ లెక్క సంగతే తీసుకోండి. మొదటి గంటకి 105 డాలర్లు, ఆపైన ప్రతి గంటకీ 45, హెచ్ గంటలకి బిల్లెంత? మావాడూ వాడి ఫ్రెండ్సూ కంటపడ్డ 105ని పట్టుకెళ్లి బి కుర్చీలో కూర్చోబెట్టి 45హెచ్ + 105 అని కొట్టేశారు, ఆ జవాబు కూడా ఆప్షన్లలో వీళ్ల కోసమే కాచుకుని కూర్చుంది. హెచ్ బదులు 1 వేసి చూస్తే మొదటి గంటకే 150 వస్తుంది, ప్రశ్నలో 105 అని స్పష్టంగా రాసుంది, కానీ వేసి చూసే ఓపిక ఎవరికి? ఆ 105లో మొదటి గంట తాలూకు 45 కలిసే ఉంది, దాన్ని తీసేస్తే మిగిలే 60 మీ అసలు బి. ఈ 60 ప్రశ్నలో ఎక్కడా కనిపించదు, ప్లంబరూ నోటితో చెప్పడు. సున్నా గంటలు పనిచేసి 60 డాలర్లు పట్టుకెళ్లే మనిషిని ఊహించుకుంటే తప్ప మీరు దొరకరు. (మా ఇంటికొచ్చిన ప్లంబర్‌ని చూశాక అది పెద్ద కష్టమనిపించలేదు.)

ఇంకోసారి 3ఎక్స్ + కెవై = 7, 6ఎక్స్ + 8వై = 5 అని బుర్ఖా వేసుకుని వస్తారు, "ఈ జంటకి సాధన లేదు, కె ఎంత?" అంటారు. పిల్లలు అరపేజీ సాధిస్తారు, సాధనే లేదని పైన రాసున్న దాన్ని! సాధన లేదంటే రెండు గీతలూ సమాంతరం, వాలు ఒకటే, ముసుగు తీసి చూస్తే 3/కె, 6/8 సమానం, కె 4. పది సెకన్ల పని.

కోచింగ్ వాళ్ల మంత్రం వేరే. పరీక్షలోనే గీతలు గీసిపెట్టే డెస్మోస్ క్యాలిక్యులేటర్ ఉంది కాబట్టి "టైప్ చెయ్, గీత చూడు, ఆప్షన్ నొక్కు" అంటారు. గీత బాగానే గీస్తుంది పాపం. కానీ "ఈ సందర్భంలో 60 దేన్ని సూచిస్తుంది?" అని అడిగితే డెస్మోస్ నోరు విప్పదు, మావాడూ విప్పడు. పోనీ కష్టపడి మొదటి మాడ్యూల్, అంటే లెక్కల పరీక్షలో మొదటి సగం, బాగా చేశాడనుకోండి, బహుమానంగా రెండోది ఇంకా కష్టమైనది ఇస్తారు.

కాబట్టి వినయంగా అడిగేదేమిటంటే, పరీక్ష వచ్చే శనివారం, ఒక్కో మాడ్యూల్‌కి 35 నిమిషాలే, ఆ కాసేపైనా ఎక్స్ సున్నా దగ్గర మొదలయ్యే కథలతోనే రండి. "మొదటి గంట", "మొదటి మైలు" బాపతు వాళ్లని ఇంకో బ్యాచ్‌కి పంపించండి.

ఇట్లు,
ఒక పదకొండో తరగతి తల్లి

తా.క.: ఎక్స్ = 3 అనే నిలువు గీతని మీ రూపంలో రాయడం కుదరదనీ, దాని వాలు కట్టబోతే సున్నాతో భాగించాల్సి వస్తుందనీ మా ఆయన చెప్పాడు. మావాడు ఆ గీతని గది గోడ మీద అంటించుకున్నాడు.