తమ్ముడి ముచ్చటకు ఐదు నిమిషాలు

ఈసారి సద్దుల బతుకమ్మ నాడు ఇక్కడ అమెరికాలో మన సంఘం పెద్దలను నేను అడిగింది ఐదు నిమిషాల మైకు. తమ్ముడి పేరు మీద వరంగల్‌లో మొదలుపెడుతున్న సంస్థ గురించి నాలుగు మాటలు చెబుదామని. "పండగ పూట చావు ముచ్చట ఎందుకమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నారు. మర్యాదగానే అన్నారు. అయినా ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

తమ్ముడికి ఇరవై మూడేళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ తెల్లవారకముందే హన్మకొండలో గ్రౌండ్‌కు పోయేవాడు. 1600 మీటర్ల పరుగు. ఆ రోజు ఆఖరి రౌండ్‌లో ఆగి ముందుకు వంగితే, షూ లేసు కట్టుకుంటున్నాడనుకున్నారట దోస్తులు. మళ్లీ లేవలేదు. వాడి కోసం అమ్మ తడిగుడ్డలో మూటగట్టిన శనగలను ఎవరూ ముట్టుకోలేదు. మూడో రోజుకు వాటికి మొలకలొచ్చాయి.

దిష్టి తగిలిందన్నారు చుట్టాలు. నలభై దాటకుండానే నాన్న పొలం గట్టు మీద కూలిపోయాడు. పెదనాన్నా అంతే. ఈ మూడు చావులనూ ఎవరూ కలిపి చూడలేదు, నేను కూడా. ఇక్కడ మెట్లెక్కుతుంటే నాకు ఆయాసం, దడ మొదలయ్యాక డాక్టర్ ఇంట్లో వాళ్ల సంగతి అడిగింది. ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే గొంతు పట్టేసింది. ఎకోలో, అంటే గుండెకు తీసే స్కాన్‌లో, గుండె గోడ మందం 21 మిల్లీమీటర్లు ఉంది. మామూలుగా 12 దాటదు.

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. బీపీ లాంటి కారణం లేకుండానే గుండె కండరం మందమైపోతుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లికో తండ్రికో ఆ జన్యు లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. తెలిస్తే మందులున్నాయి, ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఐసీడీ పెడతారు, గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న పరికరం అది. తెలియడానికి ముందు కావాల్సింది ఒక ఈసీజీ, ఒక ఎకో.

న్యూజెర్సీలో లీసా సాల్‌బర్గ్‌కు 12 ఏళ్లకే ఈ జబ్బు బయటపడింది. 1995లో అక్క కూడా దీనితోనే పోతే, మరుసటి ఏడాదే రోగుల కోసం ఒక సంస్థ పెట్టారు. నాకు ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

అమ్మ మాత్రం "ఎవ్వరికీ చెప్పకు బిడ్డా, చెల్లె పెండ్లి కావాలె" అంది. ఆమె భయం ఉత్తది కాదు. ఇంట్లో చావులు లెక్కబెట్టి ఒక సంబంధం వెనక్కి పోయింది. ఆడపిల్ల పెళ్లి చేయాల్సింది ఆమె, అమెరికాలో కూర్చుని ధైర్యం చెప్పడం నాకు సులువు. కానీ దాచుకుంటూ పోతే చెల్లెకు ఎకో ఎవరు తీయిస్తారు? చివరికి చెల్లెనే "ముందు నా గుండె చూపించుకుంట, పెండ్లి తర్వాత" అంది. ఎకో మంచిగనే వచ్చింది. కొన్నేళ్లకోసారి మళ్లీ తీయించాలి.

ఇంట్లో ఒక వయసు పిల్లవాడు హఠాత్తుగా పోతే, మిగిలినవాళ్లను పరీక్షకు తీసుకెళ్లడం, తోడుండటం, ఇంతే మా పని. పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను, ఉగాదికైనా ఆ ఐదు నిమిషాలు ఇవ్వండి. హాల్లో కూర్చున్న వాళ్లలో కొందరైనా ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి, తాత ఎట్లా పోయాడని అడుగుతారు.

పోయిన వారం పరకాల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మా పెద్దోడు పోయిండు. చిన్నోడు గ్రౌండ్‌కు పోతనంటుండు. పంపాల్నా, వద్దా అక్కా?" ముందు ఎకో తీయిద్దాం, అప్పటిదాకా ఉరకనియ్యకు అని చెప్పాను. సోమవారం తీయిస్తున్నాం.