యాంపర్‌సాండ్ పెట్టినంత మాత్రాన సర్వీసు అయిపోదు

ఇప్పుడే మళ్ళీ అదే సలహా కంటపడింది. లైనక్స్ కొత్తగా నేర్చుకుంటున్న ఒకరు, ప్రోగ్రాం బూట్‌లోనే మొదలై వెనకాల నడుస్తుండాలంటే ఏం చెయ్యాలని అడిగారు. జవాబేంటంటే సర్వీసు ఫైల్లో, ఏ కమాండ్ నడపాలో చెప్పే ఎగ్జెక్‌స్టార్ట్ లైను చివర యాంపర్‌సాండ్ (&, కమాండ్లు చదివి నడిపే షెల్‌లో, కమాండ్‌ని వెనకాలకి నెట్టే గుర్తు) పెట్టాలట! దాని కింద మెచ్చుకోళ్ళు కూడా. ఒళ్ళు మండిపోయింది.

బూట్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డి ఆ లైనుని షెల్‌కి ఇవ్వదండీ. ప్రోగ్రాంని నేరుగా తనే నడుపుతుంది. ఆ గుర్తు వెళ్ళి మీ ప్రోగ్రాంకి ఇంకో ఆర్గ్యుమెంట్‌గా తగులుతుంది, అంతే. పోనీ షెల్‌లో చుట్టి పెట్టారనుకోండి, ఇంకా ఘోరం. షెల్ మీ ప్రోగ్రాంని వెనక్కి నెట్టి తను తప్పుకుంటుంది. సర్వీసు టైప్ సింపుల్ (నేరుగా లేపిన ప్రాసెసే అసలుది) కాబట్టి సిస్టమ్‌డి లెక్కలో అసలు ప్రాసెస్ ఆ షెల్లే. అది పోయిందంటే సర్వీసు ముగిసినట్టే, అందుకని అదే సీగ్రూప్‌లో (ఒక సర్వీసు ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపులో) మిగిలిన మీ ప్రోగ్రాంని కూడా చంపేస్తుంది. రీస్టార్ట్ ఆల్వేస్ అని రాసి ఉంటే 100 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ లేపుతుంది, మళ్ళీ చంపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు లేపాక ఫెయిల్డ్ అని వదిలేస్తుంది. మళ్ళీ లేపేముందు ఆగే సమయాన్ని, అంటే రీస్టార్ట్‌సెక్‌ని, 5 సెకన్లు చేస్తే ఆ హద్దు ఎప్పటికీ తగలదు, రోజుల తరబడి చస్తూ లేస్తూనే ఉంటుంది. దీన్ని "సరిచేశాం" అంటారు!

ఇంకొందరు టైప్ ఫోర్కింగ్ అని రాసేస్తారు, అంటే ప్రోగ్రాం తన కాపీని (ఫోర్క్) వెనకాల వదిలి తను తప్పుకునే రకం. కానీ వాళ్ళ ప్రోగ్రాం తనంతట తాను ఫోర్క్ అవ్వదు, పేరెంట్ తప్పుకోదు. స్టార్ట్ కమాండ్ 90 సెకన్లు బిగుసుకుపోయి, చివరికి టైమవుట్.

ప్రోగ్రాం ఫోర్‌గ్రౌండ్‌లోనే నడవాలి. దాన్ని కనిపెట్టుకుని ఉండటం పిఐడి 1 (బూట్‌లో మొట్టమొదట లేచే ప్రాసెస్, ఇక్కడ సిస్టమ్‌డి) పని. ఇదేమన్నా కొత్త సంగతా? మీ లాగిన్ ప్రాంప్ట్ మొదటినుంచీ బతుకుతున్నదే ఇలాగ. సిస్టమ్‌డికి ముందు పిఐడి 1గా ఉన్న ఇనిట్ చదివే ఫైలు ఇనిట్‌ట్యాబ్‌లో, లాగిన్ ప్రాంప్ట్ చూపించే గెట్టీ లైనుకి రెస్పాన్ (పోతే మళ్ళీ లేపు) అని ఉండేది. గెట్టీ టీటీవై (టెర్మినల్) తెరిచి, పేరు అడిగి, తనే లాగిన్‌గా మారిపోతుంది. మీరు లాగౌట్ అయితే ఆ ప్రాసెస్ ముగుస్తుంది, ఇనిట్ కొత్త గెట్టీని లేపుతుంది. లేని సీరియల్ పోర్టు మీద గెట్టీ పెడితే, 2 నిమిషాల్లో 10 సార్లు చచ్చాక 5 నిమిషాలు ఆపేసేది. ఆ లైన్లో ఎవరైనా యాంపర్‌సాండ్ పెట్టారా?

ఇప్పటికీ సిస్టమ్‌డి మిషన్లో ఇనిట్‌ట్యాబ్ తెరిచి మార్పులు చేసి, ఏం మారలేదేంటని అడుగుతారు. ఆ ఫైలుని అది చదవనే చదవదు! టీటీవై1 మీద గెట్టీ టెంప్లేట్ (ఏ టెర్మినల్‌కైనా వాడే ఉమ్మడి సర్వీసు ఫైలు) నడుస్తుంది. మిగతావి ఆల్ట్, ఎఫ్2 నొక్కినప్పుడు సిస్టమ్‌డిలో లాగిన్‌లు చూసుకునే లాగిన్‌డి లేపుతుంది, డిఫాల్టుగా 6 వరకు. సీరియల్ కావాలంటే కెర్నెల్ లైన్లో కన్సోల్‌గా టీటీవైఎస్0 (మొదటి సీరియల్ పోర్టు) ఇస్తే చాలు, గెట్టీ దానంతటదే వస్తుంది. ఆటోలాగిన్‌కి సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో డ్రాప్-ఇన్ (అసలు ఫైలుని ముట్టుకోకుండా మార్పులు మాత్రం రాసే చిన్న ఫైలు) రాయండి. అందులో ముందు ఖాళీ ఎగ్జెక్‌స్టార్ట్ లైను ఉండాలి, తర్వాతే కొత్తది. ఖాళీ లైను మర్చిపోతే రెండు ఎగ్జెక్‌స్టార్ట్‌లు ఉన్నాయని ఆ సర్వీసుని అసలు తీసుకోదు.

అలాగని సిస్టమ్‌డి వాళ్ళని వెనకేసుకొస్తున్నాననుకోకండి. 2016లో వెర్షన్ 230తో చేసిన పని మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. లాగౌట్ అవ్వగానే యూజర్ ప్రాసెస్‌లన్నీ చంపడం డిఫాల్టు చేశారు. నోహప్ కమాండ్ అంటేనే లాగౌట్ అయినా బతకాలని కదా! టీమక్స్‌లో (లాగౌట్ అయినా టెర్మినల్‌ని నడుస్తూ ఉంచే ప్రోగ్రాం) రాత్రంతా నడవాల్సిన బిల్డ్ పెట్టి, లాగౌట్ అయి, పొద్దున వచ్చి చూస్తే ఏమీ ఉండదు. దశాబ్దాల అలవాటుని ఒక్క డిఫాల్టుతో తుడిచేశారు. డెబియన్ వాళ్ళు తమ ప్యాకేజీలో దాన్ని నో అని వెనక్కి తిప్పారు, సరైన పని చేశారు. మీ డిస్ట్రో తిప్పిందో లేదో లాగిన్‌డి కాన్ఫిగ్‌లో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ లైను చూసుకోండి. తిప్పకపోతే లాగిన్‌సీటీఎల్‌తో లింగర్ (లాగౌట్ అయ్యాక కూడా యూజర్ సర్వీసుల్ని నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, ఆ పనిని యూజర్ సర్వీసుగా పెట్టండి. యాంపర్‌సాండ్ లేకుండా.