డైరెక్టర్ గారు తెర వెనకాలే ఉన్నారు

ఆసుపత్రి డిజైన్‌లో అన్నిటికంటే కష్టమైనది ఏదని అడిగితే చాలామంది ఆపరేషన్ థియేటర్ అంటారు. ఆక్సిజన్ పైపులనేవాళ్లూ ఉన్నారు. వీళ్లెవరూ మంచానికీ మంచానికీ మధ్య తెర ఎంపిక చేసే మీటింగ్‌లో కూర్చున్నవాళ్లు కారు. ఆపరేషన్ థియేటర్ గురించి నోరు విప్పాలంటే ఎంతో కొంత తెలిసుండాలి. తెర విషయంలో ఆ ఇబ్బంది లేదు. అందరి ఇళ్లలోనూ కర్టెన్లున్నాయి, కాబట్టి అందరికీ అభిప్రాయాలున్నాయి.

మా ఆర్కిటెక్ట్ ఆఫీసు డ్రాయింగ్‌లో అది మంచం చుట్టూ ఒక చుక్కల గీత, అంతే. ఆ గీత దేనితో చెయ్యాలో తేల్చడానికి ఒక ఖాళీ గదిలో రెండు పాత మంచాలు వేయించి, ఒకదాని చుట్టూ గుడ్డ తెర కట్టించి, రెండోదాని పక్కన మడత పలకల స్క్రీన్ నిలబెట్టి, గోడకి ఒక గాజు పలక ఆనించి, సంబంధిత పెద్దలందరినీ పిలిచాం. మినిట్స్ రాసే పని నాది.

గుడ్డ తెర దగ్గరికి అందరికంటే ముందు ఫైర్ ఆఫీసర్ వచ్చారు. గుడ్డ వైపు చూడనే లేదు. తల పైకెత్తి, "వలలా ఉండే జాలి ఏది?" అన్నారు. పైకప్పు దాకా గుడ్డే ఉంటే, మంటలు లేచినప్పుడు పైకప్పులోని స్ప్రింక్లర్ చిమ్మే నీళ్లు దానికి తగిలి ఒక పక్కే పడతాయి, రెండో పక్క మంచం మీదున్నవాడి గతి ఏమిటన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. స్ప్రింక్లర్ల గురించి అమెరికా అగ్ని రక్షణ సంఘం రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రమాణం ప్రకారం తెర పైభాగంలో 22 అంగుళాల మేర జాలి ఉండాలనీ, ఆ జాలిలో కనీసం 70 శాతం ఖాళీయే ఉండాలనీ చెప్పారు.

"70 శాతం ఖాళీ అయితే ఆ మేరకి 30 శాతం బిల్లే కదా కట్టాలి?" అన్నారు పర్చేజ్ ఆఫీసర్. ఆయన నవ్వలేదు. నిజంగానే లెక్క వేసుకుంటున్నారు.

తర్వాత ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ వంతు. ఆవిడ రెండు వేళ్లతో తెర అంచు పట్టుకుని, వెంటనే వదిలేసి, చేతులకి శానిటైజర్ రాసుకుని మొదలుపెట్టారు. అమెరికాలోని అయోవాలో పరిశోధకులు 43 తెరలు పరీక్షిస్తే 41 తెరల మీద ఎప్పుడో ఒకప్పుడు రోగకారక బ్యాక్టీరియా దొరికిందట. కొత్తగా వేలాడదీసినవి కూడా వారం తిరక్కుండానే దాదాపు అన్నీ అంటించుకున్నాయట. 2012లో వచ్చిన అధ్యయనం అది. "ఎందుకంటారా? డాక్టర్ గారు చేతులు చక్కగా కడుక్కుంటారు. కడుక్కున్న చేత్తో తెర లాగుతారు. తెర లాగిన చేత్తో పేషెంట్‌ని ముట్టుకుంటారు."

ఆ మాటకి అక్కడున్న డాక్టర్ గారు చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకున్నారు. మీటింగ్ అయ్యేదాకా బయటికి తియ్యలేదు.

వాడి పారేసే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ తెరలు వేద్దామంటే, పారేసేది ఎక్కడని మెయింటెనెన్స్ ఇంజనీర్ అడిగారు. సమాధానం రాలేదు. ముందుకు కదిలాం.

మడత పలకల స్క్రీన్ చూడగానే సిస్టర్ మొహం వికసించింది. తుడిస్తే చాలు, ఉతకక్కర్లేదు. "దేంతో తుడుస్తారు?" అన్నారు ఇంజనీర్. స్పిరిట్‌తో అన్నారావిడ. "ఇది యాక్రిలిక్ ప్లాస్టిక్. స్పిరిట్ తగిలిందంటే కొన్నాళ్లకి సన్నసన్నగా పగుళ్లు పడుతుంది" అని చెప్పి, ఇక చక్రాల వైపు వంగారాయన. ఏ పరికరం చూసినా అది ఎక్కడ విరుగుతుందో ముందు చూసే అలవాటు ఆయనది. సంసారంలో ఎలా ఉంటుందో తెలీదు గానీ ఆసుపత్రికి అలాంటి మనిషి కావాలి.

నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి ఈ చర్చ అంతా సుఖంగా బతికున్న పేషెంట్ గురించి మాత్రమే జరుగుతోందని అనిపించింది. "గుండె ఆగితే?" అన్నారు. "అరడజను మందిమి ఒక్కసారి మీద పడతాం. అత్యవసర మందులూ పరికరాలూ ఉండే బండి, క్రాష్ కార్ట్, రావాలి. తెర అన్నది ఒక్క తోపుకి పక్కకి పోవాలి." అని ఊరుకోకుండా తోసి చూపించారు. మొదటి పలక కదిలింది. రెండోది కదల్లేదు, ఎందుకంటే దాని కీలు సందులో మా ఆర్కిటెక్ట్ సార్ వేలు ఉంది.

వేలు నోట్లో పెట్టుకునే సార్ గాజు పలక గురించి వివరించారు. అది ఆయన ముచ్చట. మీట నొక్కితే పారదర్శకంగా ఉంటుంది, ఆపేస్తే పాలలా తెల్లబడుతుంది. లోపలున్న ద్రవ స్ఫటికాలు కరెంటు పారుతున్నంతసేపే ఒక వరసలో నిలబడి వెలుతురుని పోనిస్తాయి. కరెంటు ఆగితే చెదిరిపోతాయి, అవతలిది కనపడదు.

"అంటే కరెంటు పోయినప్పుడే ప్రైవసీ ఎక్కువన్నమాట" అన్నారు మేడమ్.

"అసలు కనెక్షనే ఇవ్వకపోతే?" అన్నారు పర్చేజ్ ఆఫీసర్. "ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది కదా. అలాంటప్పుడు మామూలు సున్నం గోడ చాలు." సార్ వేలు ఇంకా నొప్పిగా ఉన్నట్టు మొహం పెట్టారు.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ గారు వచ్చారు. ఎవరేం అన్నారో అంతా విన్నారు. విని, "మీరంతా నిలబడి చూస్తున్నారయ్యా. తెర చూడాల్సింది పడుకున్నవాడు" అని, బూట్లు విప్పి, గుడ్డ తెర ఉన్న మంచం ఎక్కి పడుకుని, "లాగండి" అన్నారు. ఎంతో సబబైన మాట. డిజైనర్లలో కూడా ఆ పని చేసేవాళ్లు తక్కువ. సిస్టర్ మోచేత్తో తెర లాగారు. కింద ఒక మూర ఖాళీ వదిలి తెర నాలుగు వైపులా మూసుకుంది.

ఒక నిమిషం అందరం భక్తిగా నిలబడ్డాం. లోపల్నుంచి మాటా పలుకూ లేదు. ఇంతలో ఫైర్ ఆఫీసర్ కింద ఖాళీ ఎందుకని అడిగారు. పేషెంట్ పడిపోతే కాళ్లయినా కనపడాలనీ, నేల తుడిచే కర్ర ఆడాలనీ మేడమ్ చెప్పారు. దాంతో మాటలు మళ్లీ మొదలయ్యాయి. మనిషి కంటికి కనపడకపోతే గదిలోనే లేడని మనసు ఎంత తొందరగా నమ్మేస్తుందో!

"ఏ తెర అయినా ఒకటే లెండి. చివరికి ఆయన సంతకం పెట్టేది తక్కువ రేటుదానికే" అన్నారు పర్చేజ్ ఆఫీసర్.

"మంచాలు అలాగే కదా కొన్నాం. పేషెంట్ ఇటు తిరిగితే చాలు, కిర్రుమంటాయి" అన్నారు మేడమ్.

తెర వెనక మంచం కిర్రుమంది.

"అదిగో, అలాగే" అన్నారు మేడమ్.

నాకు చటుక్కున అర్థమై దగ్గాను. ఇన్ఫెక్షన్ సిస్టర్ నా వైపు అనుమానంగా చూసి రెండడుగులు వెనక్కి వేశారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. డాక్టర్ గారైతే అప్పటికే గొంతు తగ్గించారు. గొంతు తగ్గించడంలో ఒక చిక్కుంది. మామూలుగా మాట్లాడితే సగం మందే వింటారు, తగ్గిస్తే అందరూ నోరు మూసుకుని వింటారు. "పాపం, ఆయన చిరాకంతా ఆ మోకాళ్ల వల్లేనండీ. నా దగ్గరే చూపించుకుంటున్నారు. బరువు తగ్గమని ఎన్నిసార్లు చెప్పానో. ఎవరికీ చెప్పకండి, రాత్రిళ్లు నిద్రకి కూడా మాత్ర..."

"మాత్ర పేరు కూడా చెప్పండి డాక్టర్ గారూ," అంది తెర. "ఆ కుర్రాడు రాసుకుంటాడు."

ఆ కుర్రాడిని నేనే. కలం మూసేశాను.

గదిలో ఎవరూ ఊపిరి తియ్యలేదు. లోపల మాత్రం అలికిడి మొదలైంది. తెర వేలాడే పైపట్టీ, అంటే ట్రాక్ కంటే గుడ్డ వెడల్పుగా ఉండి అంచు మీద అంచు ఎక్కాలని పట్టుబట్టింది మేమే. ఇప్పుడు ఆ అంచు లోపలున్నాయనకి దొరకడం లేదు. తెర ఒకచోట ఉబ్బింది, మరోచోట ఉబ్బింది. కింద ఖాళీలోంచి మేజోళ్లు తొడుక్కున్న పాదాలు రెండు తూర్పుకి వెళ్లి, ఆగి, పడమటికి వచ్చాయి. ఆ ఖాళీ ఉపయోగం ఫైర్ ఆఫీసర్‌కి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. సాయం చెయ్యడానికి సిస్టర్ ఒక్కరే కదిలారు, అదీ గ్లోవ్స్ తొడుక్కున్నాక.

బయటికి వచ్చిన డైరెక్టర్ గారు ఎవరినీ ఏమీ అనలేదు. సార్ వైపు తిరిగి, "వీటిలో మాట బయటికి పోనిది ఏది?" అని అడిగారు.

ఏదీ కాదన్నారు సార్. మాటకి తెర ఒక లెక్క కాదు. పైన జాలిలోంచి పోతుంది, కింద ఖాళీలోంచి పోతుంది, పలక అయితే పక్క సందుల్లోంచి పోతుంది, సాదా గుడ్డయితే నేరుగా దానిలోంచే పోతుంది. శబ్దాన్ని పీల్చే సీలింగ్ పలకలు వేస్తే గోల కొంచెం తగ్గుతుంది. నిజంగా ఆపాలంటే స్లాబు దాకా బరువైన గోడ, సందులు మూసుకునే తలుపు ఉండాలి. అందుకని మంచాల దగ్గర గుడ్డ తెరలే ఉంచి, డాక్టరు జబ్బు సంగతులు మాట్లాడటానికి వార్డు పక్కన ఒక చిన్న మూసిన గది ఇస్తే మేలని, ఇదే మాట మొదట్నుంచీ చెబుతున్నానని, ఆయన తన వేలి వైపు చూసుకుంటూ అన్నారు.

"గది ఎక్కడ వస్తుంది?"

సార్ డ్రాయింగ్ పరిచారు. అందరం వంగి చూశాం. వార్డుని ఆనుకుని ఉన్న గది ఒక్కటే.

"సార్, అది నా ఆఫీసుగా గీసిన గది," అన్నారు పర్చేజ్ ఆఫీసర్. "నేనెక్కడ కూర్చోవాలి?"

"వార్డులోనే ఒక మూల తెర వేయిస్తానయ్యా," అన్నారు డైరెక్టర్ గారు, బూట్లు వేసుకుంటూ. "తక్కువ రేటుదే."