హారం చూడని లెక్కలు

కోనసీమ లంక ఊళ్లలో పిల్లలు పుట్టడం మానేశారా? పంచాయతీలోని రిజిస్టరు ఒక్కటే తిరగేస్తే అలాగే తోస్తుంది. జననాల పేజీలు బోసిగా, మరణాల పేజీలు నిండుగా ఉంటాయి. కారణం మాత్రం ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. మలి కాన్పుకు అత్తారింట్లోనే ఉన్నా పురుడు పోసేది అమలాపురంలోనో కాకినాడలోనో. గోదావరికి వరద హెచ్చరిక వస్తే, కాజ్‌వే మునగకముందే నెలలు నిండినవారిని పడవ ఎక్కించి ఒడ్డుకు చేరుస్తారు. చట్టం ప్రకారం పుట్టుకైనా చావైనా జరిగినచోటే నమోదు కావాలి. అందుకే బిడ్డ పట్నం లెక్కలోకి వెళ్తాడు, ఇంట్లో మంచం మీద కన్నుమూసిన తాత ఊరి లెక్కలో మిగులుతాడు.

శిశు మరణాల దగ్గర ఇది అన్యాయంగా కూడా మారుతుంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను, ఊపిరి అందని బిడ్డను చుట్టుపక్కల మండలాల నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ ప్రాణం పోతే ఆ చావు ఆ పట్నం ఖాతాలో పడుతుంది. కష్టమైన కేసులు చేర్చుకున్నందుకు ఆసుపత్రికి చెడ్డపేరు, పంపి చేతులు దులుపుకున్న చోటికి మంచి మార్కులు. తల్లి ఏ ఊళ్లో కాపురం ఉంటుందో ఆ ఊరి పేరన లెక్క కట్టేదాకా ఏ మండలంలో గర్భిణుల సంరక్షణ కుంటుపడిందో కలెక్టర్ సమీక్షలో తేలదు.

అయినా సమీక్షల్లో వినిపించేవన్నీ ఒట్టి అంకెలే. ఈ వారం ఇన్ని డెంగీ కేసులు, ఈ నెల ఇన్ని మరణాలు. ఎంతమంది జనాభాలో, ఎన్నాళ్లలో, ఎందరికి పరీక్ష చేస్తే? ఈ మూడూ చెప్పకుండా కేసులు పెరిగాయనడానికీ తగ్గాయనడానికీ అర్థం లేదు. పరీక్షలు సగానికి తగ్గిస్తే కేసులూ తగ్గుతాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు, వాడుకునేవాళ్లూ ఉన్నారు.

హారం, అంటే ఎంతమందిలో అన్న అంకె, ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. ఎంపిక చేసిన ఊళ్లలో జనన మరణాలు లెక్కకట్టే కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు వ్యవస్థ 2020 లెక్కల్లో దేశం మొత్తానికి మరణాల రేటు వెయ్యికి 6. కేరళలో అది 7 దాకా ఉంది. కేరళవారి ఆరోగ్యం దేశం కంటే అధ్వానమని ఎవరూ అనరు. అదే ఏడాది అక్కడ వెయ్యి సజీవ జననాలకు చనిపోయిన ఏడాదిలోపు పిల్లలు ఆరుగురు, దేశంలో 28 మంది, మన రాష్ట్రంలో 24 మంది. కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, అందుకే చావులూ ఎక్కువ. పిల్లలు గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోయి పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన డెల్టా ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. వయసులవారీగా విడదీయకుండా రాజోలు మరణాల రేటును రాజమహేంద్రవరంతో పోల్చి ప్రయోజనం లేదు.

మాతృ మరణాల విషయంలో ఇంకో చిక్కుంది. దీన్ని లక్ష సజీవ జననాలకు ఇంత అని చెబుతారు. 2018-20 లెక్కల్లో దేశానికి 97, మన రాష్ట్రానికి 45. ఏడాదికి 600 కాన్పులు జరిగే మండలంలో ఒక్క తల్లి చనిపోయిందనుకోండి, లక్షకు 167 అవుతుంది. మరుసటి ఏడాది ఎవరూ చనిపోకపోతే సున్నా. ఈ అంకెతో మండలాలకు ర్యాంకులిచ్చి, వైద్యాధికారులను నిలదీయడం తగని పని. అందుకే రాష్ట్రాల స్థాయిలో సైతం మూడేళ్ల లెక్కలు కలిపి చూస్తారు. మండలంలో కావలసింది రేటు కాదు. ఆ ఒక్క తల్లి ఎందుకు చనిపోయింది, రక్తం ఎక్కడ ఆలస్యమైంది, వాహనం ఎందుకు రాలేదు అన్న విచారణ.

డెల్టాకు బోదకాలు కొత్త కాదు. మురుగు కాల్వలున్నంత కాలం క్యూలెక్స్ దోమకు కొదవ లేదు. ఈ జబ్బు లెక్క ఎలా కడుతున్నారో గమనించదగ్గది. క్రిములు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి గనుక సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక ఇల్లిల్లూ తిరుగుతారు. నిద్రకు ఉపక్రమించిన మనిషిని లేపి, వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద చుక్క తీస్తారు. నూరు మందికి పరీక్ష చేస్తే ఎందరి రక్తంలో క్రిమి కనిపించిందన్నదే ఇక్కడ కొలమానం. ఒకటి కంటే తగ్గాలన్నది లక్ష్యం. వాచిన కాళ్లు లెక్కపెడితే ఈ సంగతి తెలియదు. ఎప్పుడో యవ్వనంలో సోకి కాలు లావెక్కిన ముసలమ్మ బతికున్నంత కాలం రోగుల జాబితాలోనే ఉంటుంది. కొత్తగా ఒక్కరికీ సోకకపోయినా ఆ జాబితా ఏళ్ల తరబడి తరగదు. ఇప్పటికే ఉన్న రోగుల సంఖ్య సేవలకు కావాలి. ఊరందరికీ బోదకాలు మందులు పంచింది పనిచేసిందో లేదో తేల్చేది కొత్తగా సోకినవారి సంఖ్యే. అందుకే చివరి దశ సర్వేలో ఆరేడేళ్ల పిల్లలను పరీక్షిస్తారు. వాళ్లలో కనిపిస్తే వ్యాప్తి ఈమధ్యదే అన్నమాట.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు బాధితుల సంఖ్య గంటగంటకూ ప్రచారమైంది. ఏ నీళ్లు తాగినవాళ్లలో నూటికి ఎందరు పడిపోయారు, తాగనివాళ్లలో ఎందరు? దర్యాప్తుకు పనికొచ్చే ప్రశ్న అది.

మరణ కారణాల సంగతి ఎత్తకపోవడమే మేలనిపిస్తుంది. దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు లోపే. ఇంట్లో పోయినవారికి ‘గుండె ఆగింది’ అని రాసేస్తే పని అయిపోతుంది. ఎవరికైనా ఆగేది గుండే కదా! కాల్వలో పడి పోయినవారు, చేలో పాము కరిచి పోయినవారు ఎందరో లెక్క తేలాలంటే మరణ కారణం గడి నిజాయతీగా నిండాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు చట్ట సవరణ ప్రకారం ఆసుపత్రిలో మరణిస్తే కారణం తెలిపే ధ్రువపత్రాన్ని ఉచితంగా కుటుంబానికి ఇవ్వాలి. అడిగి తీసుకోవాలని బంధువులకు చెప్పేవాళ్లే లేరు.

ఇక హారమంటారా, మన దగ్గరున్నది 2011 జనగణనే. అప్పటి తూర్పు గోదావరి 51.5 లక్షలు, పశ్చిమ గోదావరి 39.4 లక్షలు. ఆ జిల్లాలు 2022లో ముక్కలయ్యాయి, జనం వలస వెళ్లారు, కొత్త లెక్క 2027కు గాని తేలదు. అప్పటిదాకా అంచనా జనాభానే వాడక తప్పదు. ఏ అంచనా వాడారో ప్రతి నివేదికలో రాయాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాం. పుట్టుకలు, చావులు నివాసం ప్రకారం మండలాలవారీగా ఏటా ప్రకటించాలనీ కోరుతున్నాం. దీనికి కొత్త చట్టం, కొత్త యాప్ ఏవీ అక్కర్లేదు. తల్లి నివాసముండే ఊరు, మృతుడు నివాసమున్న ఊరు రాయడానికి నమోదు ఫారాల్లో గడులు ఎప్పటినుంచో ఉన్నాయి.