జపాన్ వాడికి చేతకాని పని

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అన్నేళ్లూ దాన్ని తయారుచేసిన ఇంజినీర్లకు తట్టని సంగతులు మా తెనాలిలో టీకొట్టు పక్కన టార్పాలిన్ కింద కూర్చున్న ప్రతి కుర్రాడికీ తెలుసు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ ఎక్కిదిగే దూరం, మరో 50, మొత్తం 98 సీసీ, ఇంజిన్ నిమిషానికి 7500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పుడు 11 హార్స్ పవర్. ఇంతే ఇచ్చి చేతులు దులుపుకున్నారు జపాన్ వాళ్లు. ఇంకో నాలుగైదు హార్స్ పవర్లు సిలిండర్లో ఎక్కడో దాచిపెట్టారని, ఆకురాయి పెట్టి గీకితే అవే బయటపడతాయని కనిపెట్టింది మనవాళ్లే. ఇంతటి పరిశోధనకు ప్రభుత్వం ఒక్క రూపాయి ఇవ్వదు సరికదా, 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, కుదిరితే రెండూ అంటోంది. విశాఖలోనైతే పోలీసులు ఇలా మార్చిన సైలెన్సర్లన్నీ రోడ్డు మీద పరిచి రోలరు ఎక్కించారు. అంత కఠినమైన నాణ్యతా పరీక్ష కంపెనీవాడు కూడా పెట్టి ఉండడు.

మా నాన్న ఆర్‌ఎక్స్ 100 నా చేతికి వచ్చిన మొదటి ఆదివారమే నేనూ ఈ పరిశోధనలో చేరాను.

ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజిన్, దాని సిలిండర్ తల మీద వాల్వులుండవు. సిలిండర్ గోడకు కన్నాలుంటాయి, పైకీ కిందికీ తిరిగే పిస్టనే వాటికి తలుపు. కాలిన పొగ ఇంకా పూర్తిగా పోకముందే కొత్త పెట్రోలు, గాలి లోపలికి వచ్చేస్తాయి. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లేవకముందే రెండో బంతివాళ్లు కుర్చీల వెనక వచ్చి నిలబడతారు చూడండి, అచ్చం అంతే. ఆ తోపులాటలో రెండో బంతివాళ్లు కొందరు విస్తరి ముందు కూర్చోకుండానే గుమ్మం దాటిపోతుంటే, "ఆగండి బావగారూ, ఎక్కడికి?" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఇంజిన్లో ఆ పెద్దమనిషి సైలెన్సర్. దాని పొట్ట ఉబ్బడం, చివర సన్నబడటం ఊరికే అందానికి కాదు, అక్కడ తగిలి వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి అలే, బయటికి జారిపోతున్న కొత్త పెట్రోలును మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. అందుకని మా మెకానిక్ మొట్టమొదట ఆ పెద్దమనిషిని మెడపట్టి బయటికి గెంటి, ఆ చోట మూరెడు పొట్టి గొట్టం బిగించాడు.

"ఇప్పుడు చూడన్నా, బండి ఊపిరి పీల్చుకుంటుంది" అన్నాడు. పీల్చుకుంది. వీధి మొత్తం విన్నది.

తర్వాత పొగ బయటికి పోయే కన్నం, అదే ఎగ్జాస్ట్ పోర్టు, దాని పైఅంచుని ఆకురాయితో ఒక మిల్లీమీటరు పైకి గీకాడు. ఇలా చేస్తే పవరంతా పై ఆర్‌పీఎంలకు ఎక్కి కూర్చుంటుంది, కింద ఏమీ మిగలదు. రేసు ట్రాకులో ఇది బ్రహ్మాండం. మార్కెట్ సెంటర్లో, ముందు అరటికాయల బండి, పక్కన ఆటో, ఎదురుగా గేదె ఉన్నప్పుడు 8 వేల ఆర్‌పీఎం ఎప్పుడొస్తుందో మాత్రం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి పక్కన పెట్టాడు. సిలిండర్ మీది మూతని, అదే హెడ్డుని, లేత్ మీద అరగదీయించి లోపలి ఒత్తిడి (కంప్రెషన్) పెంచాడు. లీటరుకు 40 ఇచ్చే బండి 22కి దిగింది, దాన్ని నేను త్యాగం పద్దులో రాసుకున్నాను. పవర్ పెరిగిందని రుజువేమిటని కొందరు అడుగుతారు. పక్కింటి పసిపిల్లాడు మేం సందు మలుపులో ఉండగానే లేచి ఏడవడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు గుమ్మం దాకా వస్తేగాని లేచేవాడు కాదు.

గుంటూరు బయల్దేరాను. అంగలకుదురు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించేసరికి చెయ్యి ఊరుకోలేదు. ఒక్క అర నిమిషం, నిజం చెప్పొద్దూ, జపాన్ వాళ్ల మీద జాలేసింది. అంతలో కీచుమని వెనక చక్రం పట్టేసింది, క్లచ్ నొక్కాను కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంజిన్ చల్లారాక ప్లగ్ విప్పితే, టీపొడి రంగులో ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఫిల్టర్ లేక గాలి ఎక్కువై, పెట్రోలు వదిలే జెట్ పాతదే కావడంతో పెట్రోలు చాలక, లోపల వేడి పెరిగిపోయింది. అల్యూమినియం పిస్టన్ చుట్టూ ఉన్న ఇనుము కన్నా ఎక్కువ ఉబ్బుతుంది, ఉబ్బి బోరుకి కరుచుకుంది. షాపులో బయటికి తీసి చూపించాడు, ఒక పక్కంతా నిలువు గీతలు, పిల్లి రక్కినట్టు.

"మంచిదే అయింది అన్నా" అన్నాడు మెకానిక్, పిస్టన్‌ని వెలుతురుకు తిప్పి చూస్తూ. "బోరింగ్ చేయించి 50 ఓవర్‌సైజు వేద్దాం. సీసీ పెరుగుద్ది."

ఇంటికెళ్లి లెక్కేశాను. 50 అంటే అర మిల్లీమీటరు, బోరు అంత పెంచితే 98 సీసీ కాస్తా 100 అవుతుంది. బండి పేరులోని 100 ఇన్నాళ్లకు అక్షరాలా నిజమవుతోందని కాస్త గర్వపడి, డబ్బు కట్టాను.

మొన్న మళ్లీ వెళ్తే టార్పాలిన్ కింద గాలి మారింది. ఎవరో కుర్రాడు ఫోన్లో ఫొటో చూపిస్తున్నాడు, కంపెనీ సైలెన్సర్, కంపెనీ ఫిల్టర్ డబ్బా, ఎవరూ ఆకురాయి పెట్టని సిలిండర్. చుట్టూ నలుగురు గుడిలో నిలబడ్డట్టు నిలబడి చూస్తున్నారు. మా మెకానిక్ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"అన్నా, మనది కూడా ఒరిజినల్‌కి మాడిఫై చేద్దామా? ఇప్పుడదే ట్రెండు. ఖర్చు మాత్రం కొంచెం ఎక్కువవుద్ది, పాత సైలెన్సర్లు ఎక్కడా దొరకట్లేదు."

మరి మన సైలెన్సర్ ఏమైందని అడిగాను. అప్పుడే పాత ఇనప సామాన్లవాడికి వేసేశాడట, కిలోల లెక్కన.