“ఆడవాళ్ళ రేసు చిన్నది” అన్న ఫార్వర్డ్‌కు నా జవాబు

మొన్న ఆదివారం మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. పెట్టింది మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న. అంతకు రెండు రోజుల ముందే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో కూడా అదే చూశాను. అందులో ఉన్నది ఇదీ: ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) మగవాళ్ళ ఆట. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు దూరం తగ్గించి పెడతారు. వాళ్ళలో పోటీ ఉండదు, డబ్బు మాత్రం సమానంగా ఇస్తారు. అంత కష్టపడితే నెలసరి ఆగిపోతుంది, గర్భసంచి దెబ్బతిని పిల్లలు పుట్టరు. మన ఆడపిల్లలు ఎలాగూ అంతదూరం పోలేరు, కాబట్టి తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి.

అన్న దీన్ని ఊరికే పెట్టలేదని నాకు తెలుసు. వాళ్ళమ్మాయికి, అంటే నా మేనకోడలికి, పద్నాలుగేళ్ళు. ఏడాదిగా ఈతకు పోతోంది, ఈమధ్య ఆదివారాలు హైదరాబాద్ నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు సైకిల్ ట్రాక్ మీద నాతోపాటు తొక్కుతోంది. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నా.

“దూరం తగ్గించి పెడతారు.” ఇది పచ్చి అబద్ధం. ఒలింపిక్ ట్రయథ్లాన్ అంటే కిలోమీటరున్నర ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఒకదాని వెంట ఒకటి చేయాలి. తడి ఒంటితో సైకిల్ ఎక్కేటప్పుడూ, దిగి బూట్లు మార్చుకునేటప్పుడూ గడియారం ఆగదు. ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో. ముందు దిగింది ఆడవాళ్ళే, సెప్టెంబర్ 16న. మగవాళ్ళ రేసు మర్నాడు. దూరం ఇద్దరికీ ఒకటే, అప్పుడూ ఇప్పుడూ. 2024 పారిస్‌లో సెన్ నది నీళ్ళు బాగాలేక మగవాళ్ళ రేసు ఒకరోజు వాయిదా పడింది. దాంతో జూలై 31న, ఒకే పూట, ముందు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు అదే నదిలో దూకి, అవే రోడ్ల మీద తొక్కి, అదే దారిలో పరుగెత్తారు. ఆడవాళ్ళు 55 మంది, మగవాళ్ళు 55 మంది.

ఈ అపోహ ఎక్కడిదో ఊహించగలను. మిగతా ఆటల్లో నిజంగానే అలా జరిగింది. ఆడవాళ్ళ మారథాన్ ఒలింపిక్స్‌లో చేరింది 1984లో. ఈతలో ఆడవాళ్ళకు 1500 మీటర్లు పెట్టింది టోక్యోలో, అంటే 2021లో. ఆ ఆటల చరిత్రను తెచ్చి ఈ ఆటకు అంటగట్టారు. ట్రయథ్లాన్‌లోనే ఇంకా చాలా పెద్ద దూరాల పోటీ ఐరన్‌మ్యాన్. అది హవాయిలో మొదలైంది 1978లో, పోటీకి దిగిన 15 మందీ మగవాళ్ళే. మరుసటి ఏడాదే లిన్ లెమేర్ అనే ఒక్క అమ్మాయి వచ్చింది. ఆమెకు విడిగా రేసేమీ లేదు. అందరితో కలిసి 3.8 కిలోమీటర్లు ఈది, 180 తొక్కి, మారథాన్ పరుగెత్తి మొత్తమ్మీద అయిదో స్థానంలో ముగించింది.

కాలంలో తేడా ఉందా అంటే ఉంది. ఎవరూ దాచలేదు. పారిస్‌లో అలెక్స్ యీ 1 గంట 43 నిమిషాల 33 సెకన్లలో గెలిచాడు, కసాండ్ర్ బోగ్రాన్ 1 గంట 54 నిమిషాల 55 సెకన్లలో గెలిచింది. తేడా పదకొండు నిమిషాల పైచిలుకు. వేగం తేడా వేరు, దూరం తగ్గించడం వేరు. మొదటిది కనబడుతోంది కదా అని రెండోది కల్పించకూడదు.

“ఆడవాళ్ళలో పోటీ ఉండదు.” అదే పారిస్ రేసు తీసుకుందాం. వానకు రోడ్డు తడిసి మలుపుల్లో చాలామంది సైకిళ్ళతో సహా జారిపడ్డారు. బోగ్రాన్ పరుగు చివరి చుట్టులో గానీ మిగతావాళ్ళను వదిలి ముందుకు పోలేకపోయింది. ఆమె వెనక జూలీ డెరాన్ ఆరు సెకన్ల దూరంలో, బెత్ పాటర్ పదిహేను సెకన్ల దూరంలో వచ్చారు. మగవాళ్ళలో యీకీ హేడెన్ వైల్డ్‌కీ మధ్య కూడా ఆరు సెకన్లే. 2012 లండన్‌లో అయితే నికోలా స్పిరిగ్, లీసా నోర్డెన్ ఇద్దరికీ ఒకటే టైము పడింది, 1 గంట 59 నిమిషాల 48 సెకన్లు. ఫొటో చూసి స్పిరిగ్‌కు స్వర్ణం ఇచ్చారు. దాదాపు రెండు గంటల రేసు అంత దగ్గరగా ముగిసింది. ఇక పారిస్ మిక్స్‌డ్ రిలేలో, అంటే ఆడా మగా కలిసిన జట్లు వంతులవారీగా చేసే రేసులో, ఆఖరి వంతు ఆడవాళ్ళది. ముగ్గురు అమ్మాయిలు స్ప్రింట్‌లో గీత దాటారు, జర్మనీకి లారా లిండెమాన్ స్వర్ణం తెచ్చిపెట్టింది.

డబ్బు సంగతి. అదే నీళ్ళు, అదే రోడ్డు, అదే దూరం అయినప్పుడు సమానంగా ఇవ్వడంలో దానం ఏముంది? పైగా సమానం కానివి ఎన్నో ఉండేవి. హవాయి ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీకి ప్రొఫెషనల్ మగవాళ్ళకు 50 చోట్లు ఇచ్చి ఆడవాళ్ళకు 35తో సరిపెట్టిన ఏళ్ళున్నాయి. ఆ చోట్ల కోసం వాళ్ళు గట్టిగా కొట్లాడాల్సి వచ్చింది.

“నెలసరి ఆగిపోతుంది.” ఇక్కడ ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో సగం నిజముంది, ఆ సగమే తల్లుల్ని భయపెడుతుంది. నాకు ఆగింది. 2022లో గోవా 70.3కి, అంటే ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం రేసుకి, తయారవుతున్నా. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21 పరుగు. పొద్దున నాలుగున్నరకు లేవడం, రెండు గంటలు తొక్కి దిగి వెంటనే పరుగెత్తడం. దాన్ని మేం బ్రిక్ అంటాం. దిగిన మొదటి అయిదు నిమిషాలు కాళ్ళు మనవి కానట్టుంటాయి, తొడలు బండరాళ్ళలా కదులుతాయి. తర్వాత ఆఫీసు తొందరలో రెండు ఇడ్లీలు. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు, బరువు తగ్గితే వేగం పెరుగుతుందని. నాలుగు నెలలు నెలసరి రాలేదు. అప్పట్లో నాకు నేర్పే కోచ్‌కు చెబితే, “మంచిదే, ట్రైనింగ్ ఒంటికి పడుతోందన్నమాట” అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

డాక్టరమ్మ సైకిల్ గురించి ఒక్క మాటా అనలేదు. “నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తిన్నావో రాయమ్మా” అని కాగితం చేతిలో పెట్టింది. నేను రాసింది అయిదు లైన్లు. ఆమె ఆ కాగితాన్ని నావైపు తిప్పి, “ఇది రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికి కూడా చాలదు” అంది. ఒళ్ళు ఖర్చు పెట్టేదానికి తిండి సరిపోకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది, ఇప్పటికిప్పుడు బతకడానికి అక్కర్లేని పనులు ముందు ఆపేస్తుంది. అందులో నెలసరి ఒకటి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతే ఎముకలు పలచబడి, పరుగులో సన్నని పగుళ్ళు వస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఇది మగవాళ్ళకూ వస్తుందని కూడా అప్పుడే చెప్పారు. తిండి చాలని మగవాడికి టెస్టోస్టెరాన్ పడిపోతుంది. అయినా మగపిల్లల తల్లిదండ్రులు జాగ్రత్త అని ఏ ఫార్వర్డూ రాదు.

నేను కొన్ని వారాలు ట్రైనింగ్ తగ్గించి తిండి పెంచాను. రాత్రి అన్నం తిరిగొచ్చింది. ఈత అవగానే రెండు గుడ్లు, అరటిపండు. సైకిల్ మీద గంటకోసారి పల్లీపట్టీ ముక్క, ఖర్జూరం. మూడో నెలలో నెలసరి వచ్చింది, నవంబర్‌లో గోవాలో రేసు పూర్తి చేశాను. అమ్మాయికి నెలసరి తప్పితే తప్పకుండా డాక్టర్‌కు చూపించండి, ఆమె కంచంలో ఏముందో చూడండి. ఆట మాన్పించడం మాత్రం దానికి మందు కాదు.

“గర్భసంచి దెబ్బతిని పిల్లలు పుట్టరు.” ఈ మాట చాలా పాతది. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడవాళ్ళ 800 మీటర్లలో తొమ్మిది మందీ గీత దాటారు. అయినా కుప్పకూలిపోయారని పత్రికలు రాసేసరికి, 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 200 మీటర్లు మించి పరుగే లేకుండా చేశారు. స్పిరిగ్ లండన్‌లో స్వర్ణం గెలిచాక బిడ్డను కని, రియోలో రజతం గెలిచి, ఇంకో ఇద్దరిని కని, 39 ఏళ్ళ వయసులో టోక్యోలో ఆరో స్థానంలో వచ్చింది. చెల్సీ సొడారో బిడ్డ పుట్టిన ఏడాదిన్నరకే, 2022లో, హవాయి ఐరన్‌మ్యాన్‌లో ప్రపంచ విజేత అయింది. వీళ్ళ జీవితాలు అందరికీ తెలిసినవే, ఫార్వర్డ్ రాసినవాళ్ళు ఒక్కసారి వెతికి చూసినా సరిపోయేది.

“మన ఆడపిల్లలు ఎలాగూ పోలేరు.” 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో టోక్యో స్వర్ణ విజేత ఫ్లోరా డఫీ దిగిన రేసులోనే మన ప్రజ్ఞా మోహన్, సంజనా జోషి దిగారు. పతకాలు రాలేదు, నిజమే. కానీ వాళ్ళు పోలేదని అనకండి. ఇంకా దగ్గరికి రండి. 2021 మార్చిలో మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన గోలి శ్యామల గారు, యాభైకి దగ్గరపడిన వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు.

పోలేకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. నేను ఈత నేర్చుకున్న కొలనులో లేడీస్ బ్యాచ్ రోజుకు నలభై అయిదు నిమిషాలే, అదీ పొద్దున పదకొండుకు. బడికి పోయే పిల్లగానీ ఉద్యోగం చేసే ఆడమనిషిగానీ ఆ వేళకు ఎలా వస్తారు? మిగతా టైమంతా జనరల్ అని రాసి ఉంటుంది, వెళితే ఒడ్డున నిలబడి చూసే కళ్ళు. నా మేనకోడలు మొదటి నెల తువ్వాలు భుజాల చుట్టూ బిగించి పట్టుకుని మెట్ల దాకా వచ్చి, నీళ్ళలో దిగాకే వదిలేది. ఇప్పుడు తువ్వాలు బెంచీ మీదే పెట్టి వస్తోంది. మొన్న ఆగకుండా వెయ్యి మీటర్లు ఈది, పైకొచ్చి, గాగుల్స్ నుదుటి మీదికి తోసి, “అత్తమ్మా, ఇంకా పోగలను” అంది. నేనే వద్దన్నాను, ముందు తినమని.

అన్నా, ఆ ఫార్వర్డ్ గ్రూపులోంచి తీసెయ్. పాప సైకిల్ వెనక చక్రం నెమ్మదిగా గాలి దిగుతోంది, ట్యూబ్ మార్పించాలి. శనివారం సాయంత్రం తీసుకొస్తే నేను మార్పిస్తా. ఆదివారం పొద్దున అయిదింటికి నార్సింగి దగ్గర ఉంటాం, నువ్వూ రా.