వెంకన్న పాటకు అచ్చు ఒక్కటే చాలదు

తెలంగాణ ప్రజాకవి, గాయకుడు గోరటి వెంకన్న గారిని పుస్తకంలో మాత్రమే చదివినవారికీ, వేదిక మీద మాత్రమే విన్నవారికీ ఆయన కవిత్వం సగమే అందుతుందని నా అభిప్రాయం. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది కనుక, అక్షరానికి దక్కవలసిన గౌరవం చాలావరకు దక్కింది. గొంతుకు దక్కవలసినది మాత్రం ఇంకా బాకీ ఉంది. ఆయన పాటలను పూర్తి నిడివితో, పాఠంతో సహా శ్రద్ధగా రికార్డు చేయించి భద్రపరిచే పనిని అమెరికాలోని మన ప్రవాస తెలుగు సంఘాలు తలకెత్తుకోవాలని కోరుతూ ఈ వ్యాసం రాస్తున్నాను.

వెంకన్న గారిది పాత పాలమూరు జిల్లాలోని గౌరారం. బైరాగుల తత్వాలు, యక్షగానాల నడకలు, పొలం పనుల్లో పాడుకొనే పాటల విరుపులు ఆయన బాణీల్లో కలగలిసి వినిపిస్తాయి. ఆయన పాట ఏ క్యాసెట్ కంపెనీ ప్రచారంతోనో ఊరూరికీ చేరలేదు. సభల నుంచి సభలకు, ఒక గొంతు నుంచి మరొక గొంతుకు పాకుతూ చేరింది. రాసినవారెవరో తెలియకుండానే ఆ పాటలు పాడుకొన్నవారు ఎందరో ఉన్నారు.

అందరికీ తెలిసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటనే చూద్దాం. 2002లో వచ్చిన ‘కుబుసం’ చిత్రం ద్వారా అది సముద్రాలు దాటింది. పల్లవిలో కంటికి కనిపించని కుట్రలను ప్రస్తావించిన కవి, చరణంలోకి రాగానే కంటికి కనిపించే వస్తువులను ఒక్కొక్కటిగా మన ముందు పెడతాడు. కుమ్మరి కుండలు కాల్చే వాములో తుమ్మచెట్లు మొలిచాయంటాడు; కమ్మరి కొలిమిలో దుమ్ము పేరుకుందంటాడు; వడ్రంగి చెక్క చెక్కే బాడిశ మొద్దుబారిందనీ, సాలె మగ్గం సడుగులు విరిగాయనీ అంటాడు. ఆర్థిక సంస్కరణల తరువాత చేతివృత్తులు ఎలా కూలిపోయాయో చెప్పడానికి ఆయన ఎంచుకొన్న సాక్ష్యాలు ఇవే. వాములో తుమ్మ మొలవాలంటే అక్కడ నిప్పు రాజేసి ఎన్నాళ్లు గడిచి ఉండాలో పల్లెటూరి మనిషికి వేరే చెప్పనక్కరలేదు. ఒక్క పాదంలో అంత కాలాన్ని ఇమడ్చడం పెద్ద కవులకు మాత్రమే చేతనయ్యే పని.

ఇదంతా పుస్తకంలోనూ దొరుకుతుంది. పుస్తకంలో దొరకనిది నడక. వాము, కొలిమి, బాడిశ, మగ్గం అని వృత్తులు వరుసగా వచ్చేటప్పుడు పాట ఎక్కడా ఆగి ఏడవదు, ఊపిరి తిప్పుకోనివ్వకుండా ముందుకు సాగిపోతుంది. దుఃఖమంతా పల్లవి చివర సాగదీసే ఆ ‘ఓ’కారంలోనే పేరుకొని ఉంటుంది. కోరస్ అందుకొన్నప్పుడు ఒక్క మనిషి శోకం ఊరి శోకమవుతుంది. వెంకన్న గారు పాడుతూ ఆడతారు. ఆ అడుగు పడే చోటును బట్టి పాదం ఎక్కడ విరగాలో తెలుస్తుంది. అచ్చులో ఆ విరుపులను ఊహించుకొని చదవగలిగిన పాఠకులు ఈ దేశంలో పుట్టిన మన పిల్లల్లో ఎందరుంటారు?

‘గల్లీ చిన్నది’ పాటలో మరో సంగతి గమనించవచ్చు. గల్లీ చిన్నదనీ, గరీబోళ్ల కథ మాత్రం పెద్దదనీ మొదలుపెట్టి, వాళ్లుండే ఇళ్లు కిళ్లీకొట్ల కన్నా చిన్నగా ఉన్నాయంటాడు కవి. కిళ్లీకొట్టులో ఒక్క మనిషి కూర్చోవడమే కష్టమని తెలిసినవారికి ఆ కొలత గుండెలో గుచ్చుకొంటుంది. అయినా ఆ పాట దరువు హుషారుగానే ఉంటుంది. కాగితం మీద చదివితే అది జాలిపాటగా అనిపించే ప్రమాదం ఉంది. వింటే ఆ జాలి ఉండదు, ఆ గల్లీలో బతికేవారి పట్ల గౌరవం ఉంటుంది. ఈ తేడాను మనం పోగొట్టుకోకూడదు.

ఇప్పుడు మనకు దొరుకుతున్న రికార్డింగుల్లో చాలావాటికి తేదీ ఉండదు, ఊరి పేరు ఉండదు, వెనుక వంత పాడినవారెవరో, డప్పు వాయించినవారెవరో ఉండదు. చరణాలు మధ్యలో తెగిపోతాయి. పాటకూ పాటకూ నడుమ కవి చెప్పే మాటలను అనవసరమనుకొని కత్తిరిస్తారు. నా దృష్టిలో ఆ మాటలే సగం వ్యాఖ్యానం.

మనం నివసిస్తున్న అమెరికాలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. 1940లో అలన్ లోమాక్స్ అనే జానపద సేకర్త జానపద గాయకుడు వుడీ గత్రీ చేత పాటలు పాడించి, వాటి నడుమ ఆయన బతుకు కథను కూడా చెప్పించి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం గంటల తరబడి రికార్డు చేశారు. మోజెస్ ఆష్ 1948లో న్యూయార్క్‌లో స్థాపించిన ఫోక్‌వేస్ సంస్థ రికార్డులతో పాటు పాటల పాఠాలు, వివరణలు ఉన్న చిన్న పుస్తకాలను జతచేసి అమ్మింది. 1987లో ఆ సంస్థను అమెరికా జాతీయ మ్యూజియంలను నడిపే స్మిత్‌సోనియన్ తీసుకొన్నప్పుడు, అమ్మకాలతో నిమిత్తం లేకుండా ప్రతి రికార్డూ ఎప్పటికీ దొరుకుతూనే ఉండాలన్న షరతుకు ఒప్పుకొంది. ఆ షరతు వల్లనే ఎందరో అనామక గాయకుల గొంతులు ఈనాటికీ వినబడుతున్నాయి.

వెంకన్న గారు శాసనమండలి సభ్యులయ్యారు కనుక ఆయన రాజకీయాల మీద మన సభ్యులకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, ఉండనివ్వండి. పాటలను భద్రపరిచే ఈ భాండాగారానికి అవి అడ్డు కాకూడదు. ఖర్చు మాటకొస్తే, మహాసభల్లో ఒక్క సాయంత్రపు సినీ సంగీత విభావరికి మనం వెనుకాడకుండా వెచ్చిస్తున్నాం. ఈ పనికి వెచ్చించడానికి వెనుకాడడంలో అర్థం లేదు. ఆయనలాంటి ప్రజాకవులు గూడ అంజయ్య గారు 2016లో, గద్దర్ గారు 2023లో వెళ్లిపోయారు. వారి చేత తీరిగ్గా పాడించి, అడిగి, రాసుకొనే అవకాశం ఇక లేదు.

నేను కోరేది ఆడంబరమైన ఆల్బమ్ కాదు. స్టూడియోలో కీబోర్డు హంగులు అద్దకుండా, పాలమూరు ప్రాంతంలోనే, ఆయనకు అలవాటైన కోరస్‌తో, డప్పుతో పాడించాలి. ‘ఏకునాదం మోత’, ‘రేల పూతలు’ సంపుటాల నాటి పాటల నుంచి ‘వల్లంకి తాళం’ దాకా ఆయనే ఎంచుకోవాలి. ప్రతి పాటకూ తెలుగు పాఠం, బాడిశ, సడుగులు వంటి మాటలకు బొమ్మలతో అర్థం, ఆంగ్ల భావానువాదం జతచేయాలి. వంత పాడినవారి పేర్లూ, వాద్యకారుల పేర్లూ కవి పేరుతో సమానంగా అచ్చువేయాలి, వారందరికీ పారితోషికం ముందుగానే చెల్లించాలి. హక్కులు కవి వద్దనే ఉండాలి. సంఘానికి వాటిని అందరికీ ఉచితంగా వినిపించే అనుమతి ఉంటే చాలు.